బీరువాలో భార్య, బల్ల కింద తమ్ముడు

మా తోడల్లుడంటే నాకు అసూయ ఏమీ లేదు. ఈ మాట చాలామందితో చెప్పాను. అడగనివాళ్ళతో కూడా చెప్పాను.

అతను మా ఆవిడ చెల్లెలి భర్త. అరకులో టూరిస్టుల కోసం గుడారాలు వేసి హోటల్ నడుపుతాడు. పగలు వాళ్ళకి కొండలు చూపిస్తాడు, సాయంత్రం మంట వేసి కబుర్లు చెబుతాడు. కొండల కోసం వచ్చినవాళ్ళు కబుర్ల కోసం మళ్ళీ వస్తారట. నేను పాడేరులో ఒక జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. నా దగ్గరికి మళ్ళీ వచ్చేది ఫెయిలైనవాళ్ళు మాత్రమే.

మాది చోడవరం వైపు, మైదానం. కొండ పిల్లని చేసుకున్నానని మా వాళ్ళు, పల్లపువాడికి ఇచ్చామని వీళ్ళు కొన్నాళ్ళు సమానంగా బాధపడ్డారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి మానేశారు. తోడల్లుడికి ఆ ఇబ్బంది కూడా లేదు. అతనిదీ కొండే. అత్తవారి గుమ్మంలో అడుగుపెట్టగానే ఎక్కడ చెప్పులు వదలాలో, ఏ కుక్కని పలకరించాలో అతనికి పుట్టుకతోనే తెలుసు.

ఆ ఊరు పాడేరు నుంచి జి.మాడుగుల వెళ్ళే దారిలో ఉంది. జీపు దిగాక ఇంకా కొంత ఎక్కాలి. మామగారికి సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోట. చలికాలంలో పళ్ళు కోసి, ఎండబెట్టి, పైతోలు తీశాక ఒక పని మిగులుతుంది. గింజలు ఏరడం. నల్లబడినవి, విరిగినవి, పురుగు తొలిచినవి తీసి పక్కన పారేయాలి. చూస్తే అదొక పనిలా కనిపించదు. కూర్చుంటే తెలుస్తుంది. మెడ పట్టేస్తుంది, కళ్ళు గుంజుతాయి, వాటన్నిటికంటే ముందు విసుగు పుడుతుంది.

అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దు వాలాక వాకిట్లో మంట చుట్టూ అందరూ చేటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఒకరు కథ చెప్పాలి. పూర్వం మామగారి తల్లి చెప్పేదట. ఏ కొండ మీద ఏ తల్లి అలిగింది, ఏ వాగు దగ్గర ఎవరి కోసం ఎదురుచూసింది, అలాంటివి. ఆవిడ పోయాక ఆ పని అల్లుళ్ళ మీద పడింది. మాకు అమ్మవార్ల కథలు రావు. మేం సినిమాలు చెబుతాం. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి, కానీ చేతులు రెండూ చేటలో ఉన్నప్పుడు ఫోను చూడలేరు. ఖాళీగా ఉండేవి చెవులే.

ఆ ఇంట్లో కథ బాగుందని ఎవరూ నోటితో చెప్పరు. చేతులు చెబుతాయి. కథ పట్టుకుంటే వేళ్ళు గింజల మీద ఆగిపోతాయి. పట్టుకోకపోతే ఏరుతూనే ఉంటాయి. తోడల్లుడు చెబుతుంటే చేతులు ఆగిపోతాయి. నేను చెబుతుంటే చేటలు ఖాళీ అవుతాయి.

"పెద్దల్లుడి కతే మంచిది," అంటుంది అత్తగారు ప్రతి ఏడాదీ. "ఎంత పని తెమిలిందో సూడండి. సిన్నల్లుడు నోరు ఇప్పితే నా పని సెడిపోతాది."

మొదటిది తిట్టులా, రెండోది ముద్దులా వినిపించేలా ఈ మాట అనడం ఆవిడకే చాతనవుతుంది. దాన్ని మెచ్చుకోలుగా తీసుకోవాలని నేను ప్రయత్నించని చలికాలం లేదు.

ఎవరి చేతులు ఆగినా, కదిలినా నేను పెద్దగా పట్టించుకోను. నేను చూసేది ఒక్కరి చేతులే. మా ఆవిడ టీచరు. పాడేరులో ఉన్నంతసేపూ నిక్కచ్చి భాష, నిక్కచ్చి నడక. పుట్టింటి వాకిట్లో కూర్చోగానే ఆవిడ మాటల్లోంచి 'చ' లేచిపోయి 'స' వచ్చి కూర్చుంటుంది. చేటలో ఆవిడ వేళ్ళు చాలా చురుకు. నా సినిమాలకి ఒక్కసారి కూడా ఆగలేదు. ముందటేడాది తోడల్లుడు ఏదో దెయ్యాల బంగళా సినిమా చెప్పాడు. బంగళా తలుపు తెరిచే చోట మా ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. రెండు వేళ్ళ మధ్య ఒక నల్ల గింజ ఉండిపోయింది. పారేయాల్సిన గింజని చాలాసేపు అలాగే పట్టుకుంది. మా పెళ్ళిలో నా చెయ్యి కూడా అంతసేపు పట్టుకోలేదు.

అందుచేత కిందటి చలికాలానికి నేను సిద్ధపడి వెళ్ళాను. ఆ చేతుల్ని ఈసారి ఆపాలి. అంతకంటే పెద్ద ఆశయాలు నాకు ఆ ఏడాది లేవు.

సినిమాని జాగ్రత్తగా ఎంచుకున్నాను. పాతకాలపు విదేశీ నగరం. గ్యాసు దీపాలు, గుర్రబ్బళ్ళు, పొడుగు టోపీలు. ఒక ఇంద్రజాలికుడు రోజూ రంగస్థలం మీద తన భార్యని బీరువాలో పెట్టి మాయం చేస్తాడు, మళ్ళీ గంట కొట్టి రప్పిస్తాడు. మాయం చేసినప్పుడు జనం చప్పట్లు కొడతారు. తిరిగొచ్చినప్పుడు ఇంకా గట్టిగా కొడతారు. ఆ రెండో చప్పట్లు తనవి కావని, ఆవిడవని అతనికి ఒకరోజు అనుమానం వస్తుంది. అక్కణ్ణించి సినిమా అంతా ఆ అనుమానమే. రోజుకి కాస్త ఆలస్యంగా గంట కొడుతుంటాడు. చివరికి ఒకరోజు గంట కొడితే ఆవిడ రాదు. ఖాళీ బీరువా ముందు అతను నిలబడిపోతాడు. అదే కొత్త గారడీ అనుకుని జనం చప్పట్లు కొడతారు. ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో సినిమా చెప్పదు.

దాన్ని పాడేరులో స్టాఫ్ రూములో ఇంగ్లీషు లెక్చరర్‌కి ఒకసారి చెప్పి చూశాను. "బావుంది," అని లేచి క్లాసుకి వెళ్ళాడు. ఆయనకి ఆ పీరియడ్ క్లాసు లేదని తర్వాత గుర్తొచ్చింది.

మేం వెళ్ళేసరికి తోడల్లుడు వాకిట్లో మంటకి కట్టెలు పేరుస్తున్నాడు. నన్ను చూసి లేచి సంచీ అందుకున్నాడు. అతని మర్యాదలో లోపం దొరకదు. అదీ ఒక ఇబ్బందే.

"ఏటన్నాయ్, ఈసారి ఏ సినిమా తెచ్చావు?"

"మేజిక్ చేసేవాడిది. పాతకాలం."

అతను నవ్వాడు. "అయితే మనం ఇద్దరం ఒకటే బస్సెక్కాం. నాదీ గారడీవోడిదే. తెల్లదొరల కాలం."

ఏ సినిమా అని అడిగాను. చెప్పాడు. ఆ సినిమా నేనూ చూశాను. నా సినిమా అతనూ చూశాడు. మా ఇద్దరి ఫోన్లూ కలిసి మాట్లాడుకుని మాకు అవే చూపించినట్టున్నాయి.

అతనిది మన దేశం సినిమా. సముద్రం ఒడ్డున పట్నం, గుడ్డ డేరా, పెట్రోమాక్స్ లైట్లు. ఒక గారడీవాడి చేతులంటే ఊళ్ళన్నీ పడి చస్తాయి. బల్ల వెనక కూర్చుని, పొడుగు శాలువా కప్పుకుని, గుడ్లని పిట్టలు చేస్తాడు, పిట్టల్ని పూలు చేస్తాడు. దొరసాని వచ్చి ఆ చేతులకి ఉంగరం తొడుగుతుంది. చివర్లో తెలిసేదేమిటంటే, అతనికి ఎప్పుడో జబ్బు చేసి చేతులు పడిపోయాయి. బల్ల కింద తమ్ముడు దాక్కుని, శాలువాలోంచి చేతులు పైకి పెట్టి అన్నీ చేస్తుంటాడు. ముఖం అన్నయ్యది, చేతులు తమ్ముడివి. ఉంగరం ఎవరిదన్న దగ్గర గొడవ మొదలవుతుంది.

నిష్పక్షపాతంగా పోల్చాలంటే, నా సినిమాలో దీపాలు బాగుంటాయి. అతని సినిమాలో చీకటి బాగుంటుంది. నా దాంట్లో కోట్లు, టోపీలు వేసుకున్నవాళ్ళు ఆ కాలం మనుషుల్లాగే ఉంటారు. అతని దాంట్లో పంచెలు మరీ తెల్లగా ఉంటాయి, డేరా పక్క బురదలో నడిచినా మడత చెదరదు. ఈ లోపం పట్టుకోవడానికి దాన్ని రెండుసార్లు చూడాల్సి వచ్చింది. రెండుసార్లూ బల్ల కింది తమ్ముడి దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను, అది వేరే సంగతి. నా సినిమా ఏమీ విప్పి చెప్పదు, అతనిది అన్నీ విప్పి చెబుతుంది. నా సినిమా నేను ఎంచుకున్నాను కాబట్టి గొప్పది. అతనిది గొప్పది కాబట్టి అతను ఎంచుకున్నాడు.

మొదటి సాయంత్రం నా వంతు. అత్తగారు, మామగారు, మా ఆవిడ, మరదలు, తోడల్లుడు అందరూ చేటలు పట్టుకుని కూర్చున్నారు. మామగారు మాట్లాడే మనిషి కాదు. ఆయన చేట ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది, దేశంలో ఏం జరిగినా. నేను నగరంతో మొదలుపెట్టాను. మంచు కురుస్తోంది అన్నాను.

"మంచంటే మన మంచేనా?" అంది అత్తగారు.

"కాదత్తా. తెల్లగా నేల మీద పడి పేరుకుపోతుంది."

"మరి ఎండబెట్టుకోడానికి ఏటి సేత్తారు ఆళ్ళు?"

ఆ నగరంలో కాఫీ పండదని చెప్పాను. ఆవిడకి ఆ నగరం మీద అక్కడితో ఆసక్తి పోయింది. బీరువా దగ్గరికి వచ్చాను. బీరువా పనితనం గురించి కొంత, ఆ కాలంలో రంగస్థలాల గురించి కొంత, అప్పటి సమాజంలో స్త్రీల స్థితి గురించి కొంత చెప్పాను. పౌరశాస్త్రం అలవాటు ఎక్కడికి పోతుంది. ఆవిడ బీరువాలోకి వెళ్ళే చోట గొంతు తగ్గించాను. చూశాను. మా ఆవిడ వేళ్ళు టకటకా ఏరుతున్నాయి.

"ఆ గుంట బీరువాలో ఎంతసేపుంటాది?" అంది అత్తగారు.

"కాసేపే."

"గాలాడతాదా?"

"ఆడుతుందత్తా."

గంట ఆలస్యం చేసే చోట ఆగాను. నేను ఆగాను కానీ చేతులు ఆగలేదు. ఆవిడ తిరిగి రాని చోటికి వచ్చాను. ఖాళీ బీరువా, చప్పట్లు, దీపాలు ఆరిపోవడం, అన్నీ చెప్పాను. ముగించాక కూడా గింజలు చేటల్లో దొర్లుతున్న చప్పుడే. ఆ చప్పుడు నాకు అప్పుడు చాలా స్పష్టంగా వినిపించింది.

"అయిపోనాదా?" అంది మరదలు.

"అయిపోయింది."

"బాగుంది బావా," అని చేట పక్కన పెట్టింది. అందులో గింజలన్నీ ఏరేసి ఉన్నాయి. మా ఆవిడ అప్పటికే రెండో విడత గింజలు పోసుకుంది.

"సూశారా, రేపటిక్కూడా ఈరోజే అయిపోనాది," అని అత్తగారు సంబరపడింది. తోడల్లుడు మాత్రం, "ఆ గంట ఆలస్యం సేసే తావు బలేగా సెప్పావన్నాయ్," అన్నాడు. అతను అబద్ధం ఆడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. ఆడడం లేదు. అసూయ గురించి తీసిన సినిమాలు రెండు. ఆ రుచి బొత్తిగా తెలియనివాడొకడు, అందులో నలిగిపోతున్నవాడొకడు. వాళ్ళలో ఎవరు బాగా చెప్పాలి? న్యాయంగా నేనే చెప్పాలి. ఈ లోకంలో అర్హత చూసేవాళ్ళు లేరు.

మర్నాడు సాయంత్రం అతని వంతు. అందరూ కూర్చున్నారు. మంట రాజుకుంది. అతను శాలువా సర్దుకున్నాడు. అంతలో అత్తగారు, "రెండూ గారడీవోళ్ళ కతలే కదా, తేడా ఏటో ముందు సెప్పండి," అంది.

అడిగింది ఇద్దర్నీ. జవాబు చెప్పింది నేను. పోల్చి రాయుము అంటే ఆగలేని ఉద్యోగం నాది. నా సినిమాలో ఉన్న లోతు గురించి చెప్పాను. కొన్ని ప్రశ్నల్ని జవాబు లేకుండా వదలడంలో ఉండే గొప్పతనం గురించి చెప్పాను. "ఇతని సినిమాలో అలాంటిదేం ఉండదు," అన్నాను. "అసలు ఆ గారడీవాడి చేతులు అతనివే కావు. బల్ల కింద తమ్ముడు దాక్కుని ఉంటాడు. చేతులు ఆ తమ్ముడివి. చివర్లో తెలిసేది అంతే. అది తెలిస్తే ఇంక సినిమాలో ఏమీ లేదు."

మా చోడవరం వైపు ఇలా అంటే కథ చెప్పబోయేవాడు లేచి వెళ్ళిపోతాడు. ఒకళ్ళిద్దరు కొట్టడానికి కూడా వస్తారు. నేను తోడల్లుడి వైపు చూశాను.

అతని ముఖం విప్పారింది. "అమ్మయ్య. మంచి పని సేశావన్నాయ్! ఆ సంగతి ఎక్కడ సెప్పాలో తెలక నిన్నట్నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటన్నాను."

అత్తగారు చేట దగ్గరికి లాక్కుంది. "అయితే బల్ల కింద ఒకడున్నాడన్నమాట. ఇప్పుడు సెప్పు నాయనా, బేగి సెప్పు. ఆడు ఏటి సేత్తన్నాడో మాకు అగుపిస్తాది."

అప్పుడు నాకు తెలిసింది. ఆ ఇంట్లో మామగారి తల్లి చెప్పిన కథలన్నీ అందరికీ ముందే తెలిసిన కథలు. ఏ తల్లి ఎక్కడ అలుగుతుందో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలిసింది కళ్ళముందు జరుగుతుంటే చూడ్డానికే వాళ్ళు కూర్చుంటారు. ఏం జరుగుతుందో తెలియని కథ వాళ్ళకి ఒక బెంగ. ఇన్నేళ్ళ అల్లుడరికంలో నేను ప్రతిసారీ చివరి సంగతిని దాచి, దాచి, కడుపులో దాచుకుని చెబుతూ వచ్చాను. వాళ్ళు మర్యాద కొద్దీ ఏరుకుంటూ వచ్చారు. ఈసారి దాచనిది ఒక్కటే, అది కూడా అతనికి పెట్టాను.

తోడల్లుడు మొదలుపెట్టాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, మా మరదల్ని తన వెనక కూర్చోబెట్టి, శాలువా ఇద్దరి మీదా కప్పి, ఆమె చేతుల్ని తన చంకల కిందుగా ముందుకి రప్పించాడు. ముఖం అతనిది, చేతులు ఆమెవి. గారడీవాడు దొరలకి దణ్ణం పెట్టాడంటాడు, ముందు నుంచి ఆమె చేతులు జోడించుకుంటాయి. మీసం దువ్వాడంటాడు, ఆమె చెయ్యి పైకి వచ్చి వెతుక్కుని ముక్కు పట్టుకుంటుంది.

"ముక్కు కాదే, మీసం!"

"నాకు అగుపించొద్దా?" అంది శాలువాలోంచి మరదలు.

అత్తగారు చేట వదిలేసి నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. ఉంగరం తొడిగే చోట మరదలి చెయ్యి కాస్త ముందుకి వచ్చి, ఇంక వెనక్కి వెళ్ళలేదు. అతను అన్నలా, "సాల్లే, తియ్యి," అని ఎవరికీ వినబడనట్టు కిందికి చెప్పాడు. చెయ్యి కదల్లేదు. చివరి రోజున తమ్ముడు చేతులు లోపలికి లాగేసుకున్నాడని చెప్పినప్పుడు శాలువా కింద ఆమె చేతులు మాయమయ్యాయి. అతను చేతుల్లేని మనిషిగా అలా మిగిలాడు. డేరాలో జనం అది తమాషా అనుకుని విరగబడి నవ్వారన్నాడు. తమ్ముడు బల్ల కిందనుంచి బయటికి వచ్చి, జనం ముందు నిలబడి, వంగి దణ్ణం పెట్టాడన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవడో ఒకడు, "ఓరే, ఆ బల్ల తీసుకెళ్ళు," అన్నాడు. తమ్ముడు బల్ల ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

చుట్టూ చూశాను. మామగారి చేట ఆగి ఉంది. నేను చూడగా అది ఆగడం అదే మొదలు. మా ఆవిడ వేళ్ళు గింజల్లో మునిగి అలాగే ఉండిపోయాయి. నా చేతులు కూడా ఆగి ఉన్నాయని అప్పుడు చూసుకున్నాను. ఎవరి కంటా పడకముందే గబగబా రెండు గింజలు ఏరాను. తర్వాత చూస్తే అవి రెండూ మంచివే.

"పని సెడగొట్టీశావు కదరా నాయనా," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

నాకు ఆ రోజు అన్నం సయించలేదు. చేపల పులుసు మాత్రం బాగుంది.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ కళ్ళంలో ఉంది. ఆలస్యంగా కోసిన పళ్ళు ఇంకా టార్పాలిన్ మీద ఎండుతున్నాయి. వాటిని చెక్క పారతో అటూ ఇటూ తిప్పుతోంది. తోడల్లుడు, మామగారు ఇంటి వెనక బస్తాలు కుడుతున్నారు. నేను కళ్ళం గట్టు మీద కూర్చుని ఏ పనీ లేనట్టు కనిపించే పని చేస్తున్నాను.

"మీ సినిమాలో ఆవిడ ఎటెలిపోనాది?" అంది తిప్పుతూనే.

"ఎవరు?"

"బీరువాలో ఆవిడ. రేత్రంతా అదే ఆలోసన. గంట కొట్టితే రానేదన్నారు. ఎటెలిపోనాది మరి?"

గట్టు మీద సర్దుకుని కూర్చున్నాను. ఆగకుండా ఏరిన చేతుల వెనక ఈ ప్రశ్న ఉందని నాకు తెలియదు. నిజంగా చాలా సంతోషించాను. అది ఒక్క వాక్యం వరకూ నిలిచింది.

"పొద్దున మరిదిని అడిగాను," అంది.

"అతన్నెందుకు అడిగావు? సినిమా చెప్పింది నేను."

"మీరు నిద్దరోతన్నారు. అతను పొయ్యి కాడున్నాడు."

"ఏమన్నాడు?"

"రైలెక్కి అమ్మగారింటికి ఎలిపోయుంటాది వదినా, అన్నాడు."

"సినిమాలో రైలు లేదు," అన్నాను.

"ఉంటే బాగుండును," అంది.

అది నాకు తగలాల్సిన చోటే తగిలింది. సినిమాలో ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. జవాబు లేకుండా వదలడంలోని గొప్పతనం గురించి ముందురోజే ఉపన్యాసం ఇచ్చాను. ఆ గొప్పతనాన్ని అక్కడే గట్టు మీద వదిలేశాను.

"రైలు కాదు," అన్నాను. "ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. నీకు ముందే చెప్పేస్తున్నాను, విను. జనంలోకి వెళ్ళి కూర్చుంది."

పార నడుస్తూనే ఉంది. "జనంలోకా?"

"బీరువా వెనక ఒక తలుపు. తలుపు అవతల సందు. రోజూ ఆ సందులో, చలిలో నిలబడి, గంట ఎప్పుడు కొడతాడా అని చూసేది. ఆ రోజు మరీ ఆలస్యం చేశాడు. పాదాలు కొంకర్లు పోయాయి. సందు దాటి ముందువైపుకి వచ్చింది. టికెట్ కొనుక్కుంది. తన మొగుడి ఆటకే. వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ ఆటని ముందు నుంచి చూడ్డం అదే మొదలు. వాడు గంట కొడుతున్నాడు. బీరువా తెరిచాడు. లోపల ఎవరూ లేరు. జనానికి ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు ముందుగా చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నావు?"

పార ఆగింది.

నేను చూస్తూనే ఉన్నాను. రెండు చేతులూ పార కర్ర మీద ఉన్నాయి. కదలడం లేదు. ముఖం ఎత్తింది. కానీ నా వైపు కాదు, కొండ వైపు.

"మబ్బు పడతంది," అంది. "బేగి రండి. పళ్ళు తడిసిపోతాయి. టార్పాలిన్ ఆ మూల పట్టండి."

పరుగెత్తాను. మబ్బు నిజంగానే దిగుతోంది. చేతులు ఎందుకు ఆగాయో తేల్చి చెప్పగలిగే సాక్ష్యం లేదు. ఇద్దరం చెరో మూలా పట్టుకుని పళ్ళని మధ్యకి పోగు చేస్తూ పైన గుడ్డ మడుస్తున్నాం. ఆవిడ వంగి ఉంది, ముఖం కనిపించడం లేదు.

"తరవాతేటైనాది?" అంది.

"ఏది?"

"ఆవిడే. సప్పట్లు కొట్టీసి ఏటి సేసింది? వోడు సూశాడా?"

తర్వాత ఏమైందో నాకు ఇంకా తెలియదు. అయినా మొదలుపెట్టాను. వాడు చూడలేదన్నాను. వెనక వరస చీకటి కదా, వాడికి చప్పుడే తెలుసు, చేతులు తెలియవు అన్నాను. ఆవిడ మూల పట్టుకుని అలాగే నిలబడింది. చినుకు ఒకటి రెండు పడుతున్నాయి.

ఇంటి వెనక నుంచి తోడల్లుడు పరుగెత్తుకొచ్చాడు. వచ్చీ రాగానే మూడో మూల అందుకున్నాడు.

"ఏటన్నాయ్, ఏటో సెప్తన్నావు?"

"ఏం లేదు. ఆ మూల గట్టిగా లాగు," అన్నాను. అని మా ఆవిడ వైపు జరిగి, అతనికి వినబడకుండా గొంతు బాగా తగ్గించి మిగతాది చెప్పాను.